మగ్గం గుంట పక్కన గోడ

పొద్దున బీడీల చాట ముందు వేసుకొని కూర్చునే ముందు నీల గోడ దగ్గరికి పోతుంది. నడిమి గోడకు గచ్చు నుంచి గూటి దాకా ఒక పగులు ఉంది. అందులో బీడీకి కత్తిరించిన తునికాకు ముక్క దోపి ఉంటుంది. ఆకు బిగిసి ఉంటే గోడ నిన్నటిలాగే ఉన్నట్టు. జారి కింద పడి ఉంటే పగులు ఇంకాస్త విచ్చుకున్నట్టు. చలికాలంలో ఒక్క ఆకు దోపితే ఆగేది. ఎండలు ముదిరేసరికి మూడు ఆకులు కలిపి పెడితే గానీ నిలవడం లేదు.

సిరిసిల్లలో ఆ వాడంతా నేతపనివాళ్లదే. నీల అత్తగారిల్లు రాయి పునాది మీద లేచిన పాత పెంకుటిల్లు. పునాది రాళ్ల మధ్య ఉన్నది సిమెంటు కాదు, మట్టి అడుసు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఇల్లు రెండైంది. పాత నడిమి గోడే సరిహద్దు. గోడకు అటు నీల బావ పరశురాములు, అతని భార్య జమున, వాళ్ల నాలుగు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు. సేటు దగ్గర నూలు తెచ్చుకొని సొంత సాంచాల మీద చీరలు నేసిచ్చే ఆసామి అతను. గోడకు ఇటు నీల, ఇంటర్ చదువుతున్న బిడ్డ సృజన. నీల మొగుడు భాస్కర్ బొంబాయి పక్క భివండిలో పరాయి సాంచాల మీద కూలి చేస్తాడు. అత్త సాయవ్వ రెండు ఇళ్ల మనిషి. రాత్రి నీల దగ్గర పడుకుంటుంది. పగలు పెద్ద కొడుకు అర్రలో నడిమి గోడకు వీపు ఆనించి నూలు కండెలు చుడుతుంది. ఎన్నేళ్లుగానో అక్కడే కూర్చోవడంతో గోడకు ఆమె వీపు మేర సున్నం నున్నగా అరిగిపోయింది.

నీల పుట్టిల్లు కోరుట్ల. అక్కడా చాటే, బీడీలే. కానీ నేల కదలని ఇల్లు. పెళ్లై వచ్చిన మర్నాడు సాంచాలు నడవడం మొదలవగానే కాళ్ల కింద గచ్చు వణికింది. గూట్లో గ్లాసులు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. గ్లాసుల మధ్య బట్టపేలికలు కుక్కడం అత్త నేర్పిన మొదటి పని. ఏ వణుకు రెండు సాంచాలది, ఏది నాలుగింటిది అని గోడకు ఇటు కూర్చునే చెప్పగలిగేంతగా నీలకు అది అలవాటైంది.

అందుకే ఆ చలికాలం పొద్దున వచ్చిన కదలిక సాంచాలది కాదని వెంటనే తెలిసింది. సాంచాల వణుకు కింద నుంచి సన్నగా పైకి పాకుతుంది. ఇది పక్క నుంచి తోసింది. చాట గచ్చు మీద జరిగింది. బకెట్లో నీళ్లు ఒకే పక్కకు ఒరిగి అంచు దాటాయి. నీల సృజన రెక్క పట్టుకొని వాడలోకి ఉరికింది. అప్పటికే జనం బయట ఉన్నారు. ఒకరు టీవీ ఊగిందన్నారు, ఇంకొకరు మంచం జరిగిందన్నారు. కానీ బయటికి వచ్చినవాళ్లంతా సాంచాలు లేని ఇళ్లవాళ్లే. సాంచాలు నడుస్తున్న ఇళ్లలో ఒక్కరికీ ఏమీ తెలియలేదు. నేల రోజూ ఊగే ఇంట్లో భూకంపం ఊగినా అది ఆ రోజు పనిలో కలిసిపోయింది.

అత్త లోపలే ఉందని గుర్తొచ్చి నీల బావ దర్వాజ దగ్గరికి పరుగెత్తింది. బావతో ఎదురుపడి మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. ఈ కాలంలో చాలా ఇళ్లలో ఆ పట్టింపు పోయింది గానీ ఆ ఇంట్లో మిగిలింది. ఏది చెప్పాలన్నా అత్తతోనో జమునతోనో చెప్పించడమే. ఆమె మాట్లాడకుండా లోపలికి పోయి సాయవ్వను లేపి బయటికి నడిపించుకొచ్చింది. పరశురాములు సాంచాల మధ్య నుంచి తల ఎత్తి, ఏందన్నట్టు చెయ్యి ఊపాడు. సంగతి విన్నాక నవ్వాడు. తల్లిని చూస్తూ, మరదలికి వినబడేలా అన్నాడు.

"మనింట్ల భూమి దినాం ఊగుతనే ఉన్నది గదనే అవ్వా. గీ ఒక్కపూట ఇంకింత ఊగితె కొత్తగ బుగులు వడాల్నా?"

వాడంతా నవ్వింది. నీల కూడా నవ్వింది. టీవీలో రెండు రోజులు ఊగుతున్న ఫ్యాన్లు, పరుగెత్తుతున్న మనుషులు కనిపించారు. మూడో రోజు ఇంకేదో వచ్చింది. మన దిక్కు భూమి గట్టిది, ఇక్కడేమీ కాదు అని పెద్దమనుషులు చెప్పారు. భూమి గట్టిదే కావచ్చు. దాని మీద నిలబెట్టిన ఇళ్ల గట్టితనం ఎంతో ఎవరూ వచ్చి చూడలేదు.

ఆ వారంలోనే పగులు కనిపించింది. పైన మొదలై కిందికి వచ్చేవి పెంకులో దూలమో బరువై వచ్చే పగుళ్లు. ఇది గచ్చు దగ్గర వెడల్పుగా మొదలై పైకి పోతూ సన్నబడింది. నీలకు అప్పుడు ఆ తేడా తెలియదు. చేతిలో ఉన్న ఆకు ముక్క ఊరికే అందులో దోపి చూసింది. నాలుగు రోజులకు ఆకు కింద పడి ఉంది. గాలికి పడిందనుకొని మళ్లీ పెట్టింది. మళ్లీ పడింది. రెండు ఆకులు కలిపి పెట్టింది.

అత్తతో బావకు చెప్పించింది. అతను ఇంత సిమెంటు కలిపి రెండు వైపులా పూశాడు. బతుకమ్మ ముగ్గంత శ్రద్ధగా నున్నగా పూశాడని జమున ఎగతాళి చేసింది. నెల తిరగకముందే సిమెంటు మీదే గీత పడింది. పగులుకు ఆనుకొని సృజన మంచం ఉండేది. దాన్ని నీల ఎదురు గోడకు జరిపింది. ఆ అర్ర ఎంత చిన్నదంటే, ఎదురు గోడకు జరిపినా నడిమి గోడ పడితే మంచం మీదే పడుతుంది.

నీల ఫోన్లో ఫోటోలు తీయించుకొని ఒక సర్కారు ఆఫీసుకు పోయింది. అక్కడి ఉద్యోగి కసురుకోలేదు. ఫోటోలన్నీ చూశాడు, కూర్చోమన్నాడు. ఇల్లు కూలిందా అని అడిగాడు. కూలలేదు, కూలకముందే ఏమన్నా చేస్తారేమోనని వచ్చానని నీల చెప్పింది.

"కూలితె రాస్త అమ్మా. కూలందానికి ఏమని రాయాలె?" అన్నాడతను.

అతని మాటలో అబద్ధం లేదు. కొత్త ఇల్లు కట్టుకుంటామంటే అడగడానికి పథకం పేరన్నా ఉంది. పాత ఇల్లు కూలిందంటే సాయం అడిగే దారన్నా ఉంది. ఉన్న ఇంటి పునాదిని నిలబెట్టుకుంటామని వచ్చిన మనిషి ఏ బల్ల ముందు నిలబడాలో ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. కట్టేటప్పుడు ఒకసారి, కూలాక ఒకసారి కనిపించే ఇల్లు ఆ మధ్యలో మనుషులు బతికే కాలమంతా ఎవరి లెక్కలోకీ రాదు.

భాస్కర్‌కు ఫోన్ చేస్తే, అన్నతో లొల్లి పెట్టుకోకు, దసరాకు వచ్చి చూస్తానన్నాడు. దసరాకు ముందు వానాకాలం ఉంది. మట్టి అడుసులోకి వాననీళ్లు దిగితే దసరా దాకా గోడ ఆగుతుందా అని నీల అడిగింది. వెనక సాంచాలు నడుస్తున్నాయి, పనికి పోవాలని అతను ఫోన్ పెట్టేశాడు.

కోరుట్లలో తమ్ముడు వీరేందర్ కొత్త ఇంటికి పునాది పోసిన మేస్త్రి గంగయ్య గుర్తొచ్చాడు. జగిత్యాల మనిషి. తమ్ముడు చెప్పగా ఒక ఆదివారం బస్సెక్కి, వేములవాడలో మారి వచ్చాడు. వస్తూనే, తాను కొత్త ఇళ్లు కట్టేవాడినే గానీ పాత ఇళ్ల జోలికి పోయినవాణ్ని కాదన్నాడు. పాత గోడను ముట్టుకుంటే ఎటు పోతుందో తనకూ భయమేనని దాచకుండా చెప్పాడు. నీలకు ఆ మాటతోనే అతని మీద నమ్మకం కుదిరింది.

గంగయ్య గడ్డపార మొనతో గచ్చును తట్టుకుంటూ పోయాడు. నీల వైపు గట్టిగా మోగింది. పరశురాములు వైపు గోడ పొడవునా, సాయవ్వ కూర్చునే చోటు నుంచి కిటికీ దాకా, ఖాళీ కుండను తట్టినట్టు మోగింది.

"గిక్కడ ఇదివరకు ఏమున్నదే పెద్దవ్వా?" అని అడిగాడు.

సాయవ్వ కండె చుట్టడం ఆపలేదు. పరశురాములు చెప్పాడు, అక్కడ గుంట మగ్గం ఉండేదని. నేతగాడు చేత్తో పోగున్న నాడెను అటూ ఇటూ విసురుతూ, కాళ్లు కిందికి పెట్టి తొక్కుడు చెక్కలు తొక్కే గుంట. వెలుతురు కోసం కిటికీ పక్కన, గోడను ఆనుకొని తవ్వారు. సాయవ్వ పెనిమిటి మొండయ్య పదిమందికి పెద్దమనిషి, చనిపోయేదాకా వాడలో అతని మాటకు ఎదురు లేదు. ఆ మగ్గం మీదే నేసి, ఇద్దరు కొడుకులను సాకాడు. మొదటి సాంచా ఇంటికొచ్చిన రోజు గుంట పూడ్చారు.

పూడ్చినాక మట్టి గట్టిపడేలా దిమ్మిస కొట్టారా అని గంగయ్య అడిగాడు. సాయవ్వ చేతిలో కండె అప్పుడు ఆగింది.

"కొట్టనియ్యలే. అన్నం వెట్టిన తల్లి కడుపు, దాన్ని దిమ్మిసతోని గొడుతరా అన్నడు ఆయన. నాడె, తొక్కుడు చెక్కలు లోపట వెట్టి, పసుపు కుంకుమ సల్లి, చెరువు మట్టి తెచ్చి చేతులతోనే పోసినం. మెల్లగ, తొట్టెలల పసిపిల్లను పండవెట్టినట్టు."

పెద్దాయన అట్లా చేశాడని వాడలో మిగతావాళ్లూ అట్లాగే చేశారు. ఏ గుంటకూ దిమ్మిస తగలలేదు. అన్నం పెట్టిన చోటును కొట్టకూడదన్న ప్రేమ వాళ్లది. ఆ ప్రేమ మీదనే పలచగా గచ్చు పోసి, ఇనుప సాంచాలు బిగించి, ఇన్నేళ్లుగా ఆపకుండా నడిపారు. వదులుగా పోసిన మట్టి ఆ వణుకుకు ఏటేటా కుంగింది. పక్కనున్న పునాది రాళ్లకు ఆసరా పోయింది. అవి ఒక్కొక్కటే గుంట వైపు జరుగుతూ వచ్చాయి. భూమి కదిలిన రోజు జరగాల్సినంత ఒక్కసారిగా జరిగాయి.

మొండయ్యను తప్పు పట్టడం తేలిక. కానీ ఆ సాంచాలను మొండయ్య తయారు చేయలేదు. ఇళ్లలో సాంచాలు పెట్టుకోండి, బాగుపడతారు అని చెప్పినవాళ్లు ఉన్నారు. అమ్మినవాళ్లు, అప్పులిచ్చినవాళ్లు, చీరలు కొన్నవాళ్లు ఉన్నారు. మట్టి అడుసు మీద నిలబడ్డ ఇంట్లో ఇంత ఇనుము ఊగితే పునాది ఏమవుతుందని వాళ్లలో ఒక్కరూ అడగలేదు. షెడ్డు కట్టే స్తోమత లేనివాడి ఇల్లే షెడ్డు అయింది. పడుకునే అర్రా, పనిచేసే అర్రా ఒకే గోడకు వేలాడాయి.

గంగయ్య తాను పనిచేసే జగిత్యాల ఇంజనీరుకు ఫోన్ చేసి, ఫోటోలు పంపి చాలాసేపు మాట్లాడాడు. ఆమె చెప్పింది చెప్పినట్టే అందరికీ వినిపించాడు. ముందు సాంచాలు ఆపి అవతలికి జరపాలి. పెంకుల బరువు గోడ మీద పడకుండా దూలాల కింద గట్టి కర్రలు నిలబెట్టాలి. పునాదిని ఒకేసారి తెరవకూడదు. ఒక మూరెడు మేర తవ్వి, వదులు మట్టి తీసి, కంకర సిమెంటుతో కింద నుంచి రాళ్లకు ఆసరా కట్టి, అది గట్టిపడ్డాక కొంచెం ఎడం వదిలి ఇంకో చోట తెరవాలి. చివరికి గుంటను మొరం మట్టితో పొరలు పొరలుగా నింపి దిమ్మిస కొట్టాలి. గోడకు రెండు వైపులా నేల మట్టాన ఇనుప రాడ్లతో కాంక్రీటు బెల్టు పోయాలి. ఆ బెల్టు ఉంటే భూమి కదిలినా రాళ్లు ఎటువి అటు పోవు. ఇదంతా వానలకు ముందే కావాలి.

అంతా విని పరశురాములు ఒక్కటే అన్నాడు. సాంచాల మీద పడుగు చుట్టిన బీములు ఎక్కి ఉన్నాయి. బీము సగంలో దించితే పడుగు పాడవుతుంది. నూలు సేటుది. ఈ బీములు దిగినాక చూద్దాం. అతను మొండికేసి అన్నది కాదు. ఏ ఆసామి అయినా అదే అంటాడు. కానీ ఒక సాంచా మీద బీము దిగేసరికి ఇంకో సాంచా మీద కొత్త బీము ఎక్కుతుంది. నాలుగూ ఒకేసారి ఖాళీ అయ్యే రోజు ఆ ఇంట్లో ఎన్నడూ రాలేదు. సాయవ్వది ఇంకో మాట. తాను ఉన్నన్ని రోజులు ఆ గుంట తవ్వొద్దని.

గంగయ్య టీ తాగి బస్సుకు పోయాడు. పోతూ నీలతో, "అక్కా, బిడ్డను ఇంకోతాన పండవెట్టు" అన్నాడు. ఇంకోతాన అనేది ఆ ఇంట్లో లేదు. సృజనను కోరుట్లలో తమ్ముడి ఇంటికి పంపుదామంటే, కాలేజీ ఇక్కడ ఉంది. నీల మూడో ఆకు కలిపి పగులులో పెట్టింది.

ఎండాకాలం ఒక సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయింది. సాంచాలు ఆగాయి. సృజన పక్కవాడలో స్నేహితురాలి ఇంట్లో ఉంది. నీల అరుగు మీద బీడీ కట్టలు కడుతోంది. లోపల పరశురాములు కిటికీ వెలుతురులో, సాంచా వెనక గొంతుక్కూర్చొని, తెగిన పోగులు ముడి వేస్తున్నాడు. సాయవ్వ గోడకు వీపు ఆనించి కూర్చుంది.

అప్పుడు ఆగి ఉన్న సాంచాల ఇనుము దానంతటదే గలగలలాడింది. పరశురాములు చేతిలో పోగు తెగింది. కరెంటు వచ్చిందేమోనని బల్బు వైపు చూశాడు. బల్బు వెలగలేదు, ఊగుతోంది. సాంచాలు నడవకుండా తన ఇంటి గచ్చు కదలడం అతను పుట్టాక మొదటిసారి చూశాడు. గోడ అడుగున రాయి రాయికి ఒరుసుకున్న చప్పుడు వచ్చింది. సాయవ్వ పక్కనున్న కండెల గంప, ఎవరో గుంజినట్టు, గోడ వైపు ఒరిగింది. ఆమె కూర్చున్న చోట గచ్చు పళ్లెంలాగా కుంగింది. అతను తల్లిని చంకల కింద పట్టి ఈడ్చుకుంటూ బయటికి తెచ్చాడు.

ఈసారి సాంచాల ఇళ్లవాళ్లు కూడా వాడలో ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. కొద్దిసేపటికి నీల లోపలికి పోయి చూసింది. మూడు ఆకులూ కింద పడి ఉన్నాయి. పగులులోకి ఆమె వేలు కొస దూరింది. వేలికి అవతలి అర్ర గాలి తగిలింది.

బయటికి వచ్చేసరికి పరశురాములు తల్లికి నీళ్లు తాగిస్తున్నాడు. తాగిస్తూ, ఎవరితోనో కాదు, తనలో తాను సర్దిచెప్పుకుంటున్నట్టు, ఈ ఒక్క బీము దిగంగానే పని మొదలుపెడదామంటున్నాడు. నీల అతని ముందుకు వచ్చి నిలబడింది.

"బావా," అంది.

జమున తల తిప్పి చూసింది. సాయవ్వ గ్లాసు దించింది. ఇన్నేళ్లలో నీల నోట అతనికి ఆ పిలుపు నేరుగా తగలడం అదే మొదలు.

"నీ దిక్కు సాంచాలున్నయ్, నువ్వు తవ్వలేవు. నా దిక్కు చాట తప్ప ఏం లేదు. రేపు పొద్దుగాల నా దిక్కుకెల్లి నేనే తవ్వుత."

"నువ్వు తవ్వితె గోడ నా సాంచాల మీద వడ్తది."

"గిప్పుడైతె నా బిడ్డ మీద వడ్తది."

వాడలో చాలామంది విన్నారు. ఒకరిద్దరు, ఆడమనిషికి ఇంత నోరెందుకని గొణిగారు. సాయవ్వ వాళ్ల వైపు చూసిన చూపుకు ఆ గొణుగుడు ఆగింది. ఆమె అరుగు పట్టుకొని లేచి, కొడుకుతోనూ కోడలితోనూ కలిపి చెప్పింది.

"తవ్వుండ్రి. గని దిమ్మిస పైవాళ్లు కొట్టద్దు. కొట్టుడే అయితె ఇంటోళ్లే కొట్టాలె."

మర్నాడు పరశురాములు కత్తెర తీసుకున్నాడు. సాంచా మీద సగం నేసిన చీర, దాని వెనక బీము నిండా పడుగు. ఒక పోగు తెగితే పని ఆపి, వంగి, ముడి వేసుకునే మనిషి వేల పోగులను ఒక్కసారిగా కోయాలి. కొయ్యడానికి జమున ముందుకు వస్తే వద్దన్నాడు. తానే కోశాడు. ఒక్కో సాంచా దగ్గర కోసిన పడుగు పక్కకు వేలాడుతుంటే దాన్ని చేత్తో ఒకసారి దువ్వి, ఇంకో సాంచా దగ్గరికి పోయాడు. సేటు మనిషి వచ్చి నూలు తూకం వేసుకొని, మిగిలిన పనిని వేరే ఆసామికి ఇచ్చి పోయాడు.

నీల తన బీడీల పీఎఫ్ తీసింది. గంగయ్య ఇద్దరు కూలీలతో వచ్చి ఆ ఇంట్లోనే మకాం పెట్టాడు. దూలాల కింద కర్రలు నిలబెట్టాక గచ్చు పగలగొట్టారు. గచ్చుకూ మట్టికీ మధ్య చెయ్యి దూరేంత ఖాళీ ఉంది. మట్టి తీస్తుంటే పుచ్చిపోయిన తొక్కుడు చెక్కలు, వాటి తాళ్లు, చివరికి నాడె దొరికాయి. నాడె మొనలకున్న ఇనుము తుప్పుపట్టింది గానీ కర్ర నునుపు పోలేదు. సాయవ్వ దాన్ని కొంగులో చుట్టుకొని వాడలోకి పోయి కూర్చుంది.

గోడను మూరెడు మూరెడుగా తెరిచారు. ప్రతిసారీ గంగయ్య అందరినీ బయటికి పంపి, తానొక్కడే లోపలికి వంగి, రాళ్ల కింద చెయ్యి పెట్టి చూసేవాడు. ఒక చోట రాయి జారి అతని కాలి పక్కనే పడింది. ఆ రోజు అతను అన్నం తినలేదు. ఇంజనీరు రెండుసార్లు వచ్చి చూసింది. రెండోసారి ఒక చోట పోసిన కాంక్రీటును తీయించి మళ్లీ పోయించింది. పని అనుకున్నదానికన్నా ఎక్కువ రోజులు పట్టింది. పైన మబ్బులు పట్టసాగాయి.

గుంట నింపే రోజు వచ్చింది. మొదటి పొర మొరం పోసి, నీళ్లు చల్లి, గంగయ్య దిమ్మిస తెచ్చి పరశురాములు చేతికిచ్చాడు. అతను ఎత్తాడు. దించేటప్పుడు చేతులు వెనక్కి లాగినట్టయింది. మెల్లగా ఆనించాడు. మళ్లీ ఎత్తి మళ్లీ ఆనించాడు.

"అన్నా, దోస్తు వీపు తట్టినట్టు తడితె మొరం దిగది," అన్నాడు గంగయ్య.

కూలీలు నవ్వారు. పరశురాములు నవ్వలేదు. అక్కడ అతని తండ్రి కాళ్లు ఆడేవి. చిన్నప్పుడు ఆ గుంటలోకి దిగి తండ్రి మోకాళ్ల మధ్య నిలబడేవాడు. దిమ్మిసను గోడకు ఆనించి అవతలికి పోయాడు.

నీల దిమ్మిస ఎత్తింది. ఆమె ఆ మగ్గాన్ని చూడలేదు. ఆమె ఈ ఇంటికి వచ్చేసరికే గుంట పూడిపోయింది. ఆమెకు తెలిసినదల్లా ఆ మట్టి పక్కన తన బిడ్డ పడుకుంటుందని. కొట్టింది. చీర కుచ్చెళ్లు దోపుకొని, మొరం ఎగిరి ముఖం మీద పడుతున్నా, ఆ మూల నుంచి ఈ మూల దాకా కొట్టింది. చప్పుడు వాడలోకి వినబడింది. ఒక్కో దెబ్బకు సాయవ్వ అరుగు మీద కొంగులోని నాడెను పట్టుకొని కళ్లు మూసుకుందని జమున తర్వాత చెప్పింది. మూడో పొర దగ్గర నీల రెక్కలు పడిపోయాయి. దిమ్మిస మీద ఒరిగి రొప్పుతుంటే, దర్వాజ దగ్గర సాయవ్వ నిలబడి ఉంది. ఎప్పుడు లేచి వచ్చిందో తెలియదు.

"ఆ కిటికి కింద ఇంకా మెత్తగున్నది. నీళ్లు సల్లి కొట్టు," అంది.

నీల మళ్లీ మొదలుపెట్టింది. తర్వాతి పొరకు పరశురాములు వచ్చి ఆమె చేతిలో దిమ్మిస అందుకున్నాడు. ఈసారి గట్టిగానే కొట్టాడు.

బెల్టు పోసిన వారానికి వాన పడింది. గోడ నిలబడింది. నీల పగులు పూడ్పించలేదు. అందులో ఒక్క ఆకు దోపింది. వానాకాలమంతా అది జారలేదు.

కానీ సాంచాలు మళ్లీ పాత చోట బిగించొద్దని ఇంజనీరు చెప్పింది. గోడకు దూరంగా, ఒక్కో సాంచాకు విడిగా కాంక్రీటు దిమ్మె కట్టి, కింద రబ్బరు వేసి పెట్టాలంది. అట్లా పెడితే ఆ అర్రలో రెండే పడతాయి. ఆ దిమ్మెలకు కూడా చేతిలో ఏమీ మిగల్లేదు. రెండు సాంచాలు తుక్కు కింద పోయాయి. కొనుక్కున్నవాడు వాడలోనే సమ్మెటతో పగలగొట్టి ఆటోలో వేసుకున్నాడు. మిగతా రెంటి మీద జమున పాత చీరలు కప్పింది. పరశురాములు ఇప్పుడు టిఫిన్ డబ్బా పట్టుకొని తంగళ్లపల్లి దిక్కు ఒక షెడ్డులో పరాయి సాంచాల మీద పనికి పోతున్నాడు. ఆసామి కూలివాడయ్యాడని వాడలో చెప్పుకుంటారు. అతను నీలను నిందించనూ లేదు, మెచ్చుకోనూ లేదు. ఒకసారి మాత్రం తల్లితో కాకుండా నేరుగా మరదల్నే అడిగాడు, ఆకు ఎట్లా ఉందని. గట్టిగానే ఉందని ఆమె చెప్పింది.

ఇంటి పునాది నిలబెట్టుకోవడానికి ఒక కుటుంబం తన బతుకుతెరువును తీసి పక్కన పెట్టాల్సి వచ్చింది. రెండూ నిలబడే దారి చూపించాల్సింది నీలా కాదు, పరశురాములూ కాదు. ఆ దారి అడగాల్సిన చోట అడిగినా, కూలలేదు కదా అన్న మాటే మళ్లీ వినబడుతోంది. వాడలో ఆ వరసలో ప్రతి ఇంటి కిటికీ కింద ఒక గుంట ఉంది. ప్రతి గుంట మీద సాంచాలు నడుస్తున్నాయి.

నాలుగిళ్ల అవతల స్వర్ణలత ఇంట్లోనూ కిటికీ కింది గోడకు గచ్చు దగ్గర వెడల్పుగా ఒక గీత లేచింది. ఒక మధ్యాహ్నం ఆమె నీలను పిలిచి చూపించింది. లోపల ఆమె మొగుడు, మరిది సాంచాల మీద ఉన్నారు. గచ్చు వణుకుతోంది. ఇద్దరు ఆడవాళ్లు చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఏం చేయాలో నీల చెప్పింది. ఏ క్రమంలో తెరవాలి, ఎట్లా కొట్టాలి, మేస్త్రి ఫోన్ నంబరు. స్వర్ణలత అంతా విని, సాంచాల వైపు చూసి అడిగింది.

"మీ గోడ నిలవడ్డది, మీ సాంచాలు వోయినయ్. నాకేది వోగొట్టుకొమ్మని చెప్తున్నవ్ అక్కా?"

నీల నడుముకు దోపుకున్న సంచిలోంచి ఒక ఆకు ముక్క తీసి, గీత వెడల్పుకు సరిపడేలా గోటితో చీల్చి, స్వర్ణలత చేతికిచ్చింది.

"ముందుగాల్ల ఇదైతె వెట్టు. దినాం పొద్దుగాల సూడు. రెండాకులు వట్టిన నాడు నన్ను పిలువు, మీ ఆయనతోని నేను మాట్లాడుత."

స్వర్ణలత వంగి, గచ్చు దగ్గర ఆకును పగులులో దోపింది. సాంచాలు నడుస్తూనే ఉన్నాయి. ఆకు కొస సన్నగా వణుకుతోంది. అది పడిపోతుందేమోనని ఇద్దరూ అక్కడే కొంచెంసేపు నిలబడి చూశారు.